రజియా రాసిన నీడ తెర

1991 వానాకాలంలో నన్ను కొలిమి మండే కిల్న్ సెక్షన్ నుంచి, రాళ్లు నలగ్గొట్టే క్రషర్ కంట్రోల్ రూముకు మార్చారు. నల్లగొండ జిల్లాలో సున్నపురాయి గుట్టల నడుమ ఉండే సిమెంటు ఫ్యాక్టరీ అది. నా హోదా ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్, రెండో గ్రేడు. పదో తరగతి తప్పినవాడికి అక్కడ అంతకు మించిన గ్రేడు లేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది, కానీ చెప్పబోయేది దాని గురించి కాదు.

రాళ్లు మోసే బెల్టులను ఆ గదిలోని ఒక కంప్యూటర్ బోర్డు నడిపేది. దాని ప్రోగ్రామ్ ఫోర్త్ అనే భాషలో ఉండేది. నేను జిరాక్స్ పుస్తకం ఒకటి ముందు పెట్టుకుని, డిక్షనరీ పక్కన పెట్టుకుని నేర్చుకున్నాను. ఆ భాషలో ప్రతి ఆజ్ఞనూ పదం అంటారు. చిన్న పదాలతో పెద్ద పదాన్ని కడతారు. సైరన్ మోగించే పదం, మోటారు తిప్పే పదం, ఇట్లా కట్టుకుంటూ పోతే చివరికి ఒక్క పదం మొత్తం బెల్టును నడుపుతుంది. ప్రోగ్రామును పదహారు వరుసల ముక్కలుగా ఫ్లాపీలో దాచేవాళ్లం. ఒక్కో ముక్క ఒక తెర. ప్రతి తెరకూ జోడీగా ఇంకొకటి ఉండేది, దాన్ని నీడ తెర అంటారు. అందులో కామెంట్లు రాయాలి. అంటే ఈ పదం ఏం చేస్తుంది, ఎందుకు చేస్తుంది అని మనుషుల కోసం రాసే మాటలు. మిషన్ వాటి వంక చూడదు.

ఈ ఫోర్త్ ఎవరి సొత్తూ కాదు. ఇప్పటివాళ్లు ఓపెన్ సోర్స్ అంటున్నది అదే, అప్పుడు మాకు ఆ పేరు తెలియదు. సికింద్రాబాదులో ఒక రిటైర్డ్ లెక్చరర్ ఉండేవారు. వాడుకునేవాళ్లు తాము చేర్చిన పదాలను ఫ్లాపీలో ఆయనకు పోస్టు చేసేవారు. ఆయన పరీక్షించి, అన్నీ కలిపి, తిరిగి అందరికీ పంపేవారు. నీడ తెర ఖాళీగా ఉంటే మాత్రం తీసుకునేవారు కాదు. మా ప్రోగ్రామ్ ఆయన దగ్గర తెచ్చుకున్నదే. మా ప్రాసెస్ ఇంజనీరు మూర్తిగారు దానికి మా బెల్టుల పదాలు చేర్చారు గానీ కామెంట్లు రాయలేదు. రాసి పంపితేనే కొత్త ఫ్లాపీ ఇస్తానని లెక్చరర్‌గారు పట్టుబట్టారు.

ఆ పనికి రజియాను కూర్చోబెట్టారు. ఆమెది చిట్యాల. భర్త యూసుఫ్ మా క్రషర్ బెల్టు మీద అటెండెంటు. ఆ ఎండాకాలంలోనే, బెల్టుకూ దాని తోక వైపు తిరిగే డ్రమ్ముకూ నడుమ పడి చనిపోయాడు. కారుణ్య నియామకం కింద ఆమెకు టైపిస్టు ఉద్యోగం ఇచ్చారు. తాత్కాలికం, ఏడాది తిరిగాక పర్మినెంటు చేస్తామన్నారు. ఇద్దరు ఆడపిల్లలు, ముసలి అత్త ఆ జీతం మీదే బతకాలి. విచారణ కాగితంలో మాత్రం 'సొంత అజాగ్రత్త వల్ల మరణం' అని రాశారు. కాలనీలో పిల్లలు ఆటలో ఎవడైనా పడిపోతే 'యూసుఫ్ లెక్క పడ్డవ్‌రా' అనేవారు. ఆమె బిడ్డలు అక్కడే ఆడుకునేవారు.

యూసుఫ్ పోవడానికి రెండేళ్ల కిందటిదాకా మాకొక అలవాటు ఉండేది. బెల్టు కిందికి పోయేవాడు స్టార్టర్ డబ్బాలోని పింగాణీ ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకుని పోవాలి. వాడు బయటికొచ్చి దాన్ని తిరిగి పెట్టేదాకా ఆ మోటారును ఎవడూ తిప్పలేడు. ఫ్యూజు జేబులోనే మరిచి నందికొండ బస్సెక్కిన మహానుభావులూ ఉన్నారు. ఫోర్‌మన్ సైకిలు తొక్కుకుంటూ వెంటబడి, "ఓ అల్లుడా, ఫ్యాక్టరీని జేబుల ఏసుకొని యాడికి పోతున్నవ్‌రా?" అని బస్సు దింపేవాడు. కంప్యూటర్ వచ్చాక ఫ్యూజులు పీకవద్దని సర్క్యులర్ ఇచ్చారు. ఆపే బటన్ నొక్కితే చాలన్నారు.

రజియా మొదట రాసిన కామెంట్లు కొత్తవాళ్లందరూ రాసేటట్టే ఉన్నాయి. 'ఈ పదం రెండు అంకెలను కూడుతుంది' అని రాసింది. కూడుతున్నదని నాకూ కనబడుతున్నది, ఎందుకు కూడుతున్నదో రాయండి అని లెక్చరర్‌గారు తిప్పి పంపారు. ఆమె ఆ చీటీ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"సత్తన్నా, గీ సారు నన్ను తిట్టిండా, మెచ్చుకున్నడా?"

"రెండూ గాదమ్మా. పని చెప్పిండు."

ఆ రోజు నుంచి ప్రతి పదానికీ ఎందుకని అడగడం మొదలుపెట్టింది. షిఫ్టువాళ్లు ఆమెకు ఎందుకమ్మ అని పేరు పెట్టారు. "ఎందుకమ్మ వస్తాంది, జవాబులు తయారుంచుకోండ్రి" అని నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది. కామెంట్లు బాగుపడ్డాయి. లెక్చరర్‌గారు తిప్పి పంపడం మానేశారు.

చలికాలంలో ఆమె కరెంటు తిరిగి వచ్చినప్పుడు పనిచేసే పదం దగ్గరికి వచ్చింది.

"అన్నా, గిది ఎందుకు?"

కరెంటు పోకముందు ఏ బెల్టులు నడుస్తున్నాయో గుర్తుంచుకుని, రాగానే వాటిని మళ్లీ నడిపే పదం అని చెప్పాను. అప్పట్లో కరెంటు రోజూ పోయేది. మనిషి వెళ్లి ఒక్కో బెల్టునూ మొదలుపెడుతుంటే ఉత్పత్తి పోతున్నదని మూర్తిగారు దాన్ని చేర్చారు.

"దీంట్ల సైరన్ ఏది?"

లేదన్నాను. సైరన్ మోగి ఆగేంతసేపు దండగ అనుకున్నారు.

ఆమె తెర వంకే చూస్తూ అడిగింది. "కరెంటు పోతె బెల్టు ఆగింది గదన్నా. ఆగినదాన్ని మళ్ల ఎవరన్న ఆపుతరా?"

ఆపే బటన్ నొక్కలేదన్నదే విచారణలో యూసుఫ్ మీద రాసిన తప్పు. కరెంటు పోయింది, బెల్టు ఆగింది, ఇరుక్కున్న రాళ్లు తీయడానికి అతను కిందికి పోయాడు. పనితీరు తెలిసిన ఎవడైనా అదే చేస్తాడు. కరెంటు రాగానే బెల్టు సైరన్ లేకుండా కదిలింది. ఆమె లేచి పోయి కుండలో నీళ్లు తాగి వచ్చి టైపు చేసింది. ఇంగ్లీషులోనే రాసింది, నేను తెలుగులో చెబుతున్నాను.

'ఈ పదం కరెంటు రాగానే బెల్టును తనంతట తాను నడుపుతుంది. సైరన్ ఇవ్వదు. కింద మనిషి ఉన్నాడో లేడో దీనికి తెలియదు. ఆగి ఉన్న బెల్టును ఆగిందని నమ్మవద్దు. కిందికి పోయేవాడు ఫ్యూజు పీకి జేబులో పెట్టుకోవాలి. ఎందుకు: మా క్రషర్‌లో యూసుఫ్ ఇట్లాగే చనిపోయాడు.'

ఫ్లాపీ మామూలుగానే సికింద్రాబాదుకు పోయింది. ప్రింటు కాపీ మామూలుగానే మూర్తిగారి టేబుల్ మీదికి పోయింది. ఆయన ఆ కాగితం పట్టుకుని గదిలోకి వచ్చారు.

"ఏవమ్మా, కామెంట్లు రాయమంటే కథలు రాస్తున్నావా? ఇది మిషనెలాగూ చదవదు. తీసెయ్."

"మిషన్ సదవది గద సార్. మరి మీకెందుకు ఫికర్?"

వెనకాల ఎవడో కిసుక్కుమన్నాడు. ఆ నవ్వు ఆమెకు చాలా చెరుపు చేసింది. మూర్తిగారు గొంతు తగ్గించి, పర్మినెంటు ఆర్డరు సంతకానికి తన దగ్గరే ఉందని, ఆ తెర ఖాళీ అయ్యాకే సంతకం అవుతుందని చెప్పారు. నా వైపు తిరిగి, "సత్తయ్యా, నువ్వు చెప్పవయ్యా" అన్నారు.

"అబద్ధమైతే చెరిపిద్దాం సార్. దాంట్ల ఏ వరుస అబద్ధం?" అన్నాను. ఆయన వెళ్లిపోయారు.

మర్నాడు నేనే ఆమెకు చెప్పాను. కాపీ లెక్చరర్‌గారి దగ్గర ఉంది, ఇక్కడ చెరిపితే పోయేదేమీ లేదు, ఉద్యోగం నిలబెట్టుకోమన్నాను.

"పిల్లలకు తిండి గావాలె అన్నా, నాకు ఎరుకనే. గా విచారణ కాగితంల ఆయన పేరు ఒక తీరు రాసిండ్రు. నిజం రాసింది గీ ఒక్క జాగలనే. నా చేతులతోని ఎట్ల తుడుస్త?"

మూర్తిగారు తనే తుడిచారు. ఏడాది తిరగగానే, కాలపరిమితి ముగిసింది అని రెండు వరుసల కాగితం ఇచ్చి ఆమెను పంపేశారు. నేను అభ్యంతరం రాసిస్తే నాకు మెమో ఇచ్చి, క్వారీలో లారీలు తూచే వేబ్రిడ్జికి మార్చారు.

కొన్ని నెలలకు లెక్చరర్‌గారి కొత్త ఫ్లాపీ వచ్చింది. ఒక కాపీ నా పేరు మీద కూడా పంపారు. రజియా నీడ తెర అక్షరం పోకుండా ఉంది, కింద ఆమె పేరు ఉంది. ఆ కామెంటు చదివి ఆయన పదాన్నే మార్చేశారు. ఇప్పుడు కరెంటు వచ్చినా మనిషి బటన్ నొక్కి, సైరన్ మోగితే తప్ప బెల్టు కదలదు. మూర్తిగారు, నడుస్తున్నదాన్ని కదపవద్దని, ఆ ఫ్లాపీని సొరుగులో పడేశారు.

తర్వాతి ఎండాకాలం కరెంటు కోతల్లో, పాలమూరు నుంచి మేస్త్రీ తెచ్చిన కాంట్రాక్టు కూలీ బాలయ్య అదే డ్రమ్ములో పడి చనిపోయాడు. విచారణకు వచ్చిన అధికారి ముందు నేను ఆ ఫ్లాపీ, ప్రింటు కాగితం పెట్టాను. ఆయన శ్రద్ధగానే చదివారు. ఈ ఫ్యాక్టరీలో నడిచే ప్రోగ్రామ్ ఇదేనా అని అడిగారు. కాదు సార్, ఇది నడిచి ఉంటే ఆ మనిషి బతికేవాడన్నాను. నడవని ప్రోగ్రామ్ సాక్ష్యం కాదన్నారు. మూర్తిగారు నడిచే ప్రోగ్రామ్ తెచ్చి చూపించారు. దాని నీడ తెర ఖాళీగా ఉంది. బాలయ్య కాగితంలో కూడా అజాగ్రత్త అనే రాశారు.

అటు తర్వాత చడీచప్పుడు లేకుండా లెక్చరర్‌గారి పదాన్ని ఎక్కించారు. దాని నీడ తెరను మాత్రం ఎక్కించలేదు.

రజియా చిట్యాలలో ఒక జిరాక్స్ షాపులో టైపు పనికి కుదిరింది. బస్సు మారేటప్పుడు దిగి ఆమెకు సంగతి చెప్పాను. ఇప్పుడు సైరన్ మోగుతున్నదమ్మా అన్నాను.

"ఎందుకు మోగుతాందో రాసిండ్రా?"

రాయలేదన్నాను. ఆమె తల ఊపి, టైపు మిషన్‌లో కాగితం సరిచేసుకుంది.

కొన్నేళ్లకు నన్ను తిరిగి క్రషర్‌కు వేశారు. ప్రోగ్రాము ఏమిటో, ఎవరు మార్చారో తెలుసుకునే వీలు కింద పనిచేసేవాడికి ఎప్పుడూ ఉండదు. ఎందుకో రాసినదాన్ని చెరిపే అధికారం మాత్రం పైవాడికి ఎప్పుడూ ఉంటుంది. నాకు అర్థమైంది ఇంతే. రిటైరయ్యేదాకా నా షిఫ్టులో ఫ్యూజు జేబులో వేసుకోనివాణ్ని బెల్టు కిందికి పోనివ్వలేదు. సర్క్యులర్ ధిక్కరించినందుకు వచ్చిన మెమోలు నా దగ్గరే ఉన్నాయి. నా షిఫ్టులో ఎవడూ చావలేదు.