నా కారుకు పట్టిన వణుకు

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతి లేదనుకునేదాన్ని. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళందరికీ కొన్నాళ్ళు ఉండే జబ్బే అది, నాకు కాస్త ముదిరింది. జూనియర్ కాలేజీలో ఫిజిక్సు లెక్చరర్ని. కంపనాలు, డోలనాలు అంటూ బోర్డు నిండా బొమ్మలు గీసి, అర్థం కాని పిల్లల్ని చూసి జాలిపడేదాన్ని. అలాంటి నేను నాన్న వద్దంటున్నా వినకుండా ఒక పాత కారు కొన్నాను. అది ఒకప్పుడు తెల్లదేనట (నా చేతికొచ్చేసరికి పాలు తక్కువైన టీ రంగు). రెండు నెలలు బుద్ధిగా తిరిగి, ఆ తర్వాత వణుకు తెచ్చుకుంది. యాక్సిలరేటర్ తొక్కితే చాలు, స్టీరింగూ సీటూ నా పళ్ళూ కలిసి ఊగేవి. కాలు తీస్తే మళ్ళీ ఏమీ ఎరగనట్టు నడిచేది. ఇన్ని పాఠాలు చెప్పినదాన్ని, ఎందుకు ఊగుతోందో నాకొక్క ముక్క తోచలేదు.

మా ఊళ్ళో ఏ బండి చెడినా వైద్యులకి కొదవ లేదు. బాబాయి టైర్లలో గాలి ఎక్కువైందన్నాడు. పక్కింటాయన పెట్రోలులో నీళ్ళు కలిశాయన్నాడు. అమ్మ దిష్టి అంది, అని ఊరుకోకుండా నిమ్మకాయకి ఏడు మిరపకాయలు గుచ్చి ముందు కట్టింది (మా ఇంట్లో మిరపకాయలకి లోటేముంది). నాన్న మాత్రం పెద్దగా మాట్లాడలేదు. ఆదివారం అందరం కనిగిరిలో మా మేనత్త ఇంటికి వెళ్దామనీ, దారిలో గనక కారు ఊగితే సోమవారం బేరం మనిషి వచ్చి తీసుకెళ్తాడనీ చెప్పి చెప్పులేసుకుని పొలం వెళ్ళిపోయాడు. ఆ డొక్కు కారు నేను నా అంతట నేను చేసిన మొదటి పని. అది పోతే నా మాటకి ఆ ఇంట్లో ఇక విలువుండదని నా బాధ.

శనివారం కాలేజీ ఎగ్గొట్టి టౌన్లో కార్లు బాగుచేసే పానా మేస్త్రి దగ్గరికి వెళ్ళాను. ఆయన అసలు పేరేమిటో ఎవరికీ తెలియదు, చేతిలో పానా లేకుండా ఆయన్ని చూసినవాళ్ళూ లేరు. నేను అనునాదం, పౌనఃపున్యం అంటూ మొదలుపెడితే, ఓపిగ్గా విని, ఇంజను స్టార్టు చేసి ఉంచమన్నాడు. నాలుగు ప్లగ్గులకి నాలుగు వైర్లు. ఒక్కొక్కటే పీకి మళ్ళీ పెట్టాడు. మూడింటిలో ఏది పీకినా ఇంజను గొంతు మారింది. నాలుగోది పీకినా మారలేదు, అంటే అది అసలు పనే చేయడం లేదు.

"పత్తి మూట నలుగురు ఎత్తాల్సింది ముగ్గురే ఎత్తితే ఊగదా అమ్మా?" అన్నాడు.

అంతే. నా పుస్తకంలో పన్నెండు పేజీలున్న పాఠం అది. వైరు బయటికి లాగి చూపించాడు, ఎలుక కొరికింది. దాని పక్కనే, ఇంజను మూలన, గుప్పెడు పత్తితో శుభ్రంగా గూడు. కారు పెట్టేది నాన్న పండించిన పత్తి దాచే కొట్టు వసారాలోనే మరి. కొత్త వైరు వేయించుకుని, దారంతా కావాలని యాక్సిలరేటర్ తొక్కుకుంటూ ఇంటికొచ్చాను, ఎక్కడా వణుకు లేదు. అన్నాల దగ్గర ఊరుకోవచ్చు కదా. ఎలుకా పత్తీ సంగతంతా చెప్పి, ఆ పత్తి ఎవరిదో అని దీర్ఘం తీశాను. నాన్న తలెత్తకుండా మజ్జిగన్నం తిని లేచిపోయాడు.

ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. వంటింట్లో కారం జాడీ మూత ఎవరు తీసి పడేశారని అమ్మ గొణుక్కుంటూనే వెనక సీట్లో కూర్చుంది. నాన్న ఇస్త్రీ పంచె కట్టుకుని ముందు సీట్లో, పరీక్షకొచ్చిన ఇన్‌స్పెక్టరులా, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. అద్దంకి, దర్శి దాటాం. అద్దాలు దించుకుని చల్లగాలికి హాయిగా వెళ్ళాం. పొదిలి దాటాక ఒక ఎత్తు వచ్చింది, నేను యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాను. కారు కదిలినట్టే లేకుండా పైకెక్కింది. గెలిచాననుకున్నాను. ఎండెక్కింది కదా అని దర్జాగా అద్దాలెత్తి ఏసీ వేశాను.

ఘాటు! ముందు నేను తుమ్మాను, తర్వాత అమ్మ, ఆ తర్వాత ముగ్గురం లెక్కాజమా లేకుండా. కళ్ళు కనపడక కారు పక్కకి తీసి ఆపి, తలుపులు తీసుకుని రోడ్డు మీద పడ్డాం. దగ్గుతూనే వెళ్ళి బానెట్ ఎత్తాను. వైర్ల మీదా, బ్యాటరీ మీదా, గాలి లోపలికి పోయే కంత దగ్గరా ఎర్రగా మా కొత్త కారం.

అమ్మ నా వంక చూసింది, నేను అమ్మ వంక చూశాను. నాన్న కండువాతో కళ్ళు ఒత్తుకుంటున్నాడు.

"మళ్ళీ కొరుకుతాయేమోనని, రెండు గుప్పెళ్ళే వేశానమ్మాయ్," అన్నాడు.

"అమ్మేద్దామన్నావుగా నాన్నా?"

"ఊగితే అన్నా. ఊగలేదుగా."

ఆ పూట మా ముగ్గురి కళ్ళలోనూ నీళ్ళే, ఎవరివి ఎందుకో అడిగే పని లేకపోయింది. కనిగిరిలో తలుపు తీసిన మేనత్త మా ఎర్రటి కళ్ళు చూసి, ఎవరు పోయారోనని బావురుమంది. ఆవిణ్ణి ఊరుకోబెట్టడానికి మాకు అరగంట పట్టింది.

సోమవారం ఏ బేరం మనిషీ రాలేదు. అసలు అలాంటివాడొకడు ఉన్నాడో లేడో నేనూ అడగలేదు. ఆ కారు ఇంకో ఏడేళ్ళు నా దగ్గరే ఉంది. ఏసీ వేసినప్పుడల్లా సన్నగా ఘాటు తగిలేది. మొత్తం విప్పి కడిగేస్తానని పానా మేస్త్రి ఎన్నిసార్లు అన్నాడో. నేనే వద్దని, తుమ్ముకుంటూ కాలేజీకి వెళ్ళేదాన్ని.