తాడు పడలేదు

గుండక్క సంచిలో అన్నం డబ్బా లేని రోజు ఉండేదేమో కానీ సబ్బుముక్క లేని రోజు లేదు. స్నానపు సబ్బే, చవకది. మూడు కిలోల సీసపు గుండు అడుగున చిన్న గుంట ఉంటుంది. అందులో ఆ సబ్బును బొటనవేలితో మెత్తి, గుర్తులు కట్టిన తాడుతో గుండును సముద్రంలోకి వదిలేది. అడుగు తాకగానే తాడు మీద లోతు చూసుకునేది. పైకి లాగి సబ్బుకు ఏం అంటుకుందో చూసేది. ఇసుక రేణువులు అంటుకుంటే ఇసుక నేల, ఏమీ అంటకుండా గీతలు పడితే రాయి. గుండుతో తిరుగుతుంది కనక గుండక్క. నడుము దాకా జడ ఉన్న మనిషికి ఆ పేరేమిటని కొత్తవాళ్ళు నవ్వేవాళ్ళు. పేరు పెట్టింది నేనే. అప్పట్లో నా నోటికి అడ్డూ అదుపూ ఉండేది కాదు.

ఆమె తండ్రి కూడా ఇదే ఆఫీసులో గుండు వేసినవాడే. ఆయన పోయాక, తన ఇరవై రెండో ఏట, ఆ తాడు ఈమె చేతికొచ్చింది. పెళ్ళయింది, ఎనిమిదేళ్ళకు భర్త పోయాడు, పిల్లల్లేరు. ఆఫీసువాళ్ళిచ్చిన రెండు గదుల క్వార్టర్లో అత్తగారితో ఉండేది. ఆ ముసలావిడ మంచం దిగలేదు కానీ మాట మాత్రం చురుకు. "మా ఇంట్లో సబ్బు నిలవదు నాయనా. మా కోడలు సముద్రానికి స్నానం చేయిస్తోంది" అనేది నాతో. గుండక్క వినీ విననట్టు ఆవిడ కాళ్ళు ఒత్తుతూ కూర్చునేది.

తీరం పటాలు తయారుచేసే ఆఫీసు మాది. రెండో అంతస్తులో పొడుగాటి గది, ఆరు కంప్యూటర్లు, తెరల మీద ఎండ పడకుండా కిటికీలకు అంటించిన నల్ల కాగితాలు. ఉపగ్రహం పైనుంచి తీసిన ఫొటోలు మాకొస్తాయి. తేటనీళ్ళలో వెలుగు అడుగు దాకా వెళ్ళి తిరిగొస్తుంది. ఆకుపచ్చ వెలుగు తొందరగా ఇంకిపోతుంది, నీలం ఇంకాస్త దిగుతుంది. ఆ రెండూ ఏ పాళ్ళలో తిరిగొచ్చాయో చూసి కంప్యూటరు లోతు లెక్క కడుతుంది. మెరిసేచోట లోతు తక్కువ, నల్లబడేకొద్దీ ఎక్కువ. పడవ ఎక్కకుండా, వాంతులు చేసుకోకుండా, కుర్చీలో కూర్చుని సముద్రం అడుగు చూడటం! ఈ విద్య పట్టుబడ్డాక నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

గుండక్కకు కంప్యూటరు రాదనుకునేరు. యాభై దాటాక కూర్చుని, మా అందరికంటే బాగా నేర్చుకుంది. నేర్చుకుంది కానీ నమ్మలేదు.

"దానికి నలుపంటే లోతే తమ్ముడూ. అడుగున గడ్డి మొలిచినా పైనుంచి నల్లగానే కనిపిస్తుంది. ఆ తేడా దానికేం తెలుసు?" అనేది.

అందుకని పటంలో నల్ల మచ్చ కనబడితే చాలు, అక్కడికి పడవ మీద వెళ్ళి గుండు వేసి రావాల్సిందే. కుదరకపోతే ఆ మచ్చ మీద ఎర్ర పెన్సిల్‌తో "తాడు పడలేదు" అని రాసేది. ఆ ఎర్ర రాత ఉన్న పటాన్ని పెద్దాఫీసరు బయటికి పంపడు. ఆయన మా మీద ఎగురుతాడు, మేము ఆమె మీద ఎగురుతాం. తండ్రి నాటి పద్ధతి, మార్చనంటే మార్చనని భీష్మించుకునేది.

ఒకసారి అలాగే ఒక మచ్చ కోసం ఇరవై రోజులు పటం ఆపింది. సముద్రం పోటెత్తి ఉంది, పడవ కదలదు. తీరా వెళ్ళి గుండు వేస్తే తాడంతా సర్రున దిగిపోయింది. నిజంగా లోతే. ఆ రోజు ఆఫీసులో నేను చేసిన అల్లరి అంతా ఇంతా కాదు. తాడు పట్టుకుని గది మధ్యలో నిలబడి, టీ గ్లాసులో గుండు వేసినట్టు నటించి, "గ్లాసులో టీ ఉందని నిర్ధారణ అయింది" అని ప్రకటించాను. గది గదంతా పగలబడి నవ్వింది. గుండక్క కూడా నవ్వింది. ముఖం మాత్రం చిన్నబోయింది, నేను చూశాను. చూసి కూడా ఊరుకోలేదు, వారం రోజులు ఆ ఆట ఆడించాను.

తర్వాతి ఏడాది కొత్త లాంచీ దారికి పటం కావాలన్నారు. అవతలి ఒడ్డుకు గంట ప్రయాణం కలిసొస్తుందట. ప్రారంభానికి తేదీ పెట్టేశారు. దారి మధ్యలో చాప పరిచినట్టు నల్ల మచ్చ. కంప్యూటరు ఆరు మీటర్లంది. మా పడవ ఇంజను బాగుచేతకు వెళ్ళి మూడు వారాలైంది. గుండక్క ఎర్ర పెన్సిల్ తీసింది.

నేను ఆమె చేతికి అడ్డం పెట్టాను. "అక్కా, రెండు వేరువేరు నెలల ఫొటోలు చూశాం. రెండింట్లోనూ అదే నలుపు, అదే ఆరు మీటర్లు. ఇంకేం కావాలి? మళ్ళీ అందరిచేత నవ్వించుకుంటావా?"

గడ్డైతే రెండు నెలల్లోనూ నల్లగానే ఉంటుందన్న మాట నాకు తట్టలేదు. ఆమెకు తట్టే ఉంటుంది. చాలాసేపు తెర వైపే చూసింది. చివరికి పెన్సిల్ డ్రాయరులో పడేసి, "సరేలే, నీ మాటే కానీ" అని సంతకం పెట్టింది. కింద నేనూ పెట్టాను.

లాంచీ తిరగడం మొదలైన పదకొండో రోజు పొద్దున, ఆటుకు నీళ్ళు తగ్గిన వేళ, సరిగ్గా ఆ మచ్చ మీద లాంచీ అడుగు చీలిపోయింది. ఏడుగురు పోయారు. వాళ్ళలో లాంచీ నడిపే సరంగు ఒకడు. నలుగురిని తేలుతున్న చెక్కల మీదికి తోసి తను మునిగాడని బతికినవాళ్ళు చెప్పారు. అయినా రెండో రోజుకే ఊరంతా ఒకటే మాట: సరంగు తాగి ఉన్నాడు, దారి తప్పించాడు. ఆ మాట ఎవరు పుట్టించారో నాకు తెలియదు. వినగానే నా ప్రాణం కుదుటపడింది. ఇది చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ నిజం.

సరంగు భార్య వారం వారం మా ఆఫీసు మెట్ల దగ్గరికి వచ్చేది. లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. వచ్చేపోయేవాళ్ళను ఆపి, "మా ఆయన ముట్టడండీ. పటంలో గీసిన దారినే పోయుంటాడండీ. నా కూతుర్ని బళ్ళో తాగుబోతు కూతురంటున్నారండీ" అనేది. నేను వెనక మెట్లు వాడటం మొదలుపెట్టాను.

ఇంజను బాగై వచ్చిన రోజునే గుండక్క నన్ను పడవ ఎక్కించింది. మచ్చ మీదికి రాగానే సబ్బు మెత్తి గుండు వదిలింది. వదిలీ వదలకముందే తాడు వదులైంది. మీటరున్నర. పైకి లాగితే సబ్బు నిండా పచ్చటి గడ్డిపోగులు. పక్కన ఇంకోచోట వేసింది, రాతి గీతలు. రాతి గట్టు, దాన్ని ఆనుకుని గడ్డి. ఆమె ఆ పోగుల్ని ఒక్కొక్కటే గోటితో తీసి అరచేతిలో పెట్టుకుంది.

"ఇద్దరం సంతకం పెట్టాం. ఇద్దరం పోయి చెబుదాం తమ్ముడూ."

"చెబితే పోయినవాళ్ళు లేచొస్తారా అక్కా? నీకు రిటైర్మెంటు ఏడు నెలలుంది. క్వార్టరు ఖాళీ చేయిస్తారు. మంచంలో ఉన్న అత్తగార్ని ఎక్కడ పెడతావు?"

"ఆ సరంగు పేరుకు పట్టిన మకిలి ఎవరు కడుగుతారు మరి?" అంది.

విచారణ గదిలో ముగ్గురు అధికారులు, పొడవాటి బల్ల, మా పటం. గుండక్క లేచి నిలబడి చెప్పింది. అది లోతు కాదు, గడ్డి. తాడు పడలేదు. పడలేదని రాయాలి, రాయలేదు. సరంగు మా దారిలోనే వెళ్ళాడు, ఆయన తప్పేమీ లేదు.

"రాయొద్దని మీకెవరైనా చెప్పారా?" అని అడిగాడు మధ్యలో కూర్చున్నాయన.

ఆమె నా వైపు చూడలేదు. "పెన్సిల్ నా చేతిలోనే ఉందండి" అంది.

తర్వాత నన్ను లేపారు. సంతకం నీదేనా అన్నారు. నాదేనన్నాను. "ఆవిడ పెట్టాక నేను పెడతానండి. తాడు సంగతి ఆవిడకే తెలుసండి" అన్నాను. ఇందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు.

ఆమెను ఉద్యోగంలోంచి తీసేశారు, కేసు పెట్టారు. పోయినవాళ్ళ బంధువులు క్వార్టరు ముందుకొచ్చి నానా మాటలూ అన్నారు. ఆమె తలుపు తీసి, గడపలో నిలబడి అన్నీ విందట. నెల తిరక్కుండా అత్తగార్ని అంబులెన్సులో పడుకోబెట్టుకుని ఎటో వెళ్ళిపోయింది. చెప్పి వెళ్ళలేదు. చెప్పాల్సినంత మనిషిని కాదని తేలిపోయింది కదా.

ఆ తర్వాత పదిహేను రోజులకు సరంగు భార్య వచ్చింది. ఈసారి లోపలికి రానిచ్చారు. ఆయన తప్పేమీ లేదని ఇచ్చిన కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, నా బల్ల ముందు నిలబడింది.

"ఆవిడ లేరాండీ?"

"లేరమ్మా. ఊరు విడిచి వెళ్ళారు."

"తిట్టిపోద్దామనే బయల్దేరానండీ. మెట్లెక్కుతుంటే తిట్టబుద్ధి కాలేదు. ఆవిడ నోరు విప్పకపోతే నా కూతురు జన్మంతా తాగుబోతు కూతురే." కొంగుతో ముఖం తుడుచుకుంది. "మీరూ ఆ పటం మీద పనిచేశారటగా. ఆవిడతోపాటు మీరూ చెప్పే ఉంటారు. ఒక్క ఆడమనిషి మాటకే వాళ్ళు వింటారా ఏంటి?"

చేతులు జోడించింది. గదిలో అందరూ తెరల మీంచి తలలెత్తి నా వైపే చూస్తున్నారు. కాదమ్మా అని చెప్పడానికే నోరు తెరిచాను.

"పరవాలేదమ్మా" అన్నాను.