పైన రిసీవర్, కింద కంప్యూటర్

మా పిన్నికి ఎలక్ట్రానిక్స్ డిప్లొమా ఉంది. అయినా వాతావరణ కార్యాలయంలో ఆమెను ఏళ్ళ తరబడి వచ్చిన ఉత్తరాలకు ముద్రలు వేసే బల్ల దగ్గరే కూర్చోబెట్టారు. కొత్త శాటిలైట్ రిసీవర్ వచ్చిందని తెలిశాక, దాన్ని అమర్చే పని పట్టుబట్టి అడిగి తీసుకుంది.

ఆఫీసరు ఎంత గడువిచ్చేవాడో గానీ, అక్కడే పనిచేసే మా బాబాయి నోరు ఊరుకోలేదు. "మా ఆవిడకు ఒక్క రోజు చాలండీ" అన్నాడు. ఆఫీసరు ఆ మాటే పట్టుకున్నాడు. సాయంత్రానికి కాకపోతే రిసీవర్ అమ్మిన కంపెనీ వాళ్ళకు అప్పగిస్తానని, పిన్ని తిరిగి ముద్రల దగ్గరికే వెళ్ళాలని చెప్పేశాడు. దాంతో పిన్ని బాబాయితో మాటలు మానేసింది.

రిసీవర్ మేడ మీద, డిష్ పక్కనున్న గదిలో ఉంది. ఆ గది బాబాయిది. కంప్యూటర్ కింది అంతస్తులో. రెండిటి సీరియల్ పోర్టులనూ ఒక కేబుల్ కలుపుతుంది. సమాచారం పంపే వేగం రెండు పోర్టులకూ ఒకటే పెట్టాలి. పెట్టకపోతే తెర నిండా పిచ్చి గీతలు.

పొద్దున వచ్చినవి ఆ గీతలే. పిన్ని పైకెక్కి చూస్తే రిసీవర్ వేగం 4800లో ఉంది. బాబాయి వైపు చూడకుండానే దిగి వచ్చి, 9600లో ఉన్న కంప్యూటర్‌ను 4800కు మార్చింది. మళ్ళీ గీతలే. కేబుల్ మీద అనుమానం వచ్చింది. కొసలు విప్పి, తీగ తీగకూ మీటర్ పెట్టి చూసి, మళ్ళీ అతికించింది. మధ్యాహ్నం తిండి ఊసే లేదు. ఆఫీసరు గుమ్మంలో నిలబడి తెర చూశాడు. వెళ్ళి కంపెనీకి ఫోన్ చేశాడు.

పిన్ని మళ్ళీ పైకెక్కింది. బాబాయి లేడు. రిసీవర్ 9600 చూపిస్తోంది. పొద్దున తప్పు చదివానా అని తన కళ్ళనే తిట్టుకుంటూ దిగి, కంప్యూటర్‌ను 9600కు మార్చింది. ఉష్ణోగ్రతలు వరుసగా, ముత్యాల్లా వచ్చాయి. కుర్చీలోంచి లేవబోయేలోపే అంతా గీతలైపోయింది.

ఈసారి పరుగున ఎక్కింది. బాబాయి వేలు రిసీవర్ మీట మీద ఉంది.

"ఏం చేస్తున్నారు?"

"నీ కంప్యూటర్ 4800లో ఉంది. ఇప్పుడే లిఫ్టులో దిగి చూసొచ్చాను. దీన్ని దానికి సరిపెడుతున్నా."

"పొద్దున కూడా మీరే మార్చారా?"

"నువ్వు పైకి రాకముందే దిగి చూశాను. అప్పుడది 9600లో ఉందిగా."

"నాతో ఒక్క మాట అనొచ్చు కదా."

"మాట్లాడితే కసిరేలా ఉన్నావు. చప్పుడు లేకుండా సాయం చేద్దామనుకున్నా."

పిన్ని వేగం సరిచేసి, మీట ముట్టుకోవద్దని చెప్పి దిగింది. అంకెలు మళ్ళీ వచ్చాయి, ఇక ఆగలేదు. అప్పటికి సాయంత్రమైంది. ఆఫీసరు అంకెలు చూసి తల ఊపాడు గానీ, ఒక్క వేగం కుదర్చడానికి రోజంతా పట్టిన మనిషిని తుపాను పూట ఎలా నమ్మమంటారని అడిగాడు. బాబాయి ముందుకొచ్చి, తప్పంతా తనదేనని జరిగింది జరిగినట్టు చెప్పాడు.

ఆఫీసరు నవ్వి ఆయన భుజం తట్టాడు. "పెళ్ళాం తప్పు నెత్తినేసుకునే మొగుడు దొరకడం అదృష్టమమ్మా. సోమవారం నుంచి మీ పాత బల్ల దగ్గరికి వెళ్ళండి."

బాబాయి మళ్ళీ నోరు తెరవబోయాడు. పిన్ని ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని లాగింది.

"మీకు దండం పెడతాను. ఇంక సాయం చెయ్యకండి."