ఎర్రమట్టి పూసిన గోడ

తడి ఎర్రమట్టి వాసన తగిలితే చాలు, ఇప్పటికీ నాకు జీపెక్కినంత సంబరం.

మా నాన్న అనకాపల్లిలో మలేరియా శాఖ ఉద్యోగి. ఓ సెలవునాడు దేవరాపల్లి అవతల, కొండమీది గిరిజనుల ఊరికి జీపులో నన్నూ తీసుకెళ్లాడు. దోమల మందు పంపులు బుస్సుమంటుంటే వాటి వెనకే గంతులేశాను. మందు ఆరాక గోడలు తెల్లగా మరకలు కట్టాయి. ఒకింటి అక్క వాటిమీద ఎర్రమట్టి పూస్తుంటే, నాన్న మెచ్చుకుంటాడని నేనూ మోచేతుల దాకా ముంచి పూశాను.

నాన్న చూసి నీరుగారిపోయాడు. "మందు మీద వాలితేనే దోమ చచ్చేది. కప్పెట్టేసేరేటమ్మా?"

"ఆ ముక్క ఎప్పుడూ సెప్పలేదేటి బాబూ?" అందామె.

నాన్న అప్పటికప్పుడే ఇంటింటికీ చెప్పడానికి బయల్దేరాడు. నేను ముందు పరుగెత్తి, "మట్టి పూయకండి" అని కేకలేశాను, మట్టిచేతులతోనే.

ఏటేటా ఆ కొండకు మందు ఎక్కింది. మాట ఎక్కింది ఆ రోజే.