తిరగేసి చూసే అత్తగారు

మండుటెండల్లో మా బాబాయి ఉన్ని టోపీ పెట్టుకుని వసారాలో కూర్చుని ఉంటాడు. వీధికి కొత్తగా వచ్చినవాళ్లు పాపం ఏం జబ్బో అని జాలిపడతారు. జబ్బూ లేదు, గిబ్బూ లేదు. ఆయన మా పిన్ని మొగుడు, అంతే.

పిన్ని ఇంట్లోనే మిషన్ ఎంబ్రాయిడరీ చేస్తుంది. ఏ కాలానికి తగ్గ సరుకు ఆ కాలానికి. వానలకి గొడుగు బొమ్మల తువ్వాళ్లు, చలికి టోపీలూ శాలువాలూ, పూలకాలానికి దిండు గలేబులు, ఎండలకి చేతిరుమాళ్లు. కాలం వచ్చాక మొదలుపెడితే కొనేవాళ్లు వేరేచోట కొనేసుకుంటారు కాబట్టి ఆ ఇంట్లో పని ఎప్పుడూ ఒక కాలం ముందు నడుస్తుంది. ఉన్ని పని మరీ నిదానం. అందుకని టోపీలు ఎండల్లోనే మొదలవుతాయి. టోపీ తల మీద సాగాక పువ్వు నుదుటి మీదికొస్తుందో చెవి మీదికొస్తుందో తెలియాలంటే ఒక తల ఉండాలి కదా. "ఇంట్లో ఖాళీగా ఉన్న తల అదొక్కటే" అంటుంది పిన్ని. పైగా దారాలు ఎగురుతాయని ఫ్యాను కూడా ఆపేస్తుంది.

నేను పిన్నికి అక్క కూతుర్ని. వాళ్ల ఎదురింట్లో అద్దెకుంటాను. బడిలో లెక్కలు చెప్తాను కాబట్టి తప్పులు పట్టడం నా వృత్తి, అడక్కపోయినా చెప్పడం నా అలవాటు. పిన్ని తప్పులు నేను చాలా చూశాను. ఒకసారి గలేబుకి పూలు కుడుతూ దాని రెండు పొరలూ కలిపి కుట్టేసింది. పువ్వు అద్భుతంగా వచ్చింది, దిండు పట్టడానికి మాత్రం దారి లేదు. ఇంకోసారి తువ్వాలు కింద బాబాయి చొక్కా చెయ్యి మడతపడి ఉంటే దాన్నీ వదల్లేదు. ఆయన చొక్కా తీసుకోబోతే గొడుగులతో సహా తువ్వాలు వెంట వచ్చింది.

అయినా చేతిలో పనుంది. ఒప్పుకోవాలి. రింగులో గుడ్డ బిగించి, వెనక కాగితం లాంటి పొర వేసి, బొత్తాం నొక్కితే సూది టకటకా తనే కుట్టుకుపోతుంది నిజమే. రంగు మార్చాల్సి వచ్చినప్పుడల్లా ఆగి కూత పెడుతుంది, పిన్ని వెళ్లి దారం మారుస్తుంది. చూసేవాళ్లకి అంతే కనబడుతుంది. ఆ సూది ఎక్కడ దిగాలో, ఎటు తిరగాలో, ఏ రేకు ఎటు వాలాలో కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కో కుట్టూ పెట్టేది పిన్నే. ఆ పనికి చప్పుడు లేదు. అందుకే అది పనిగా ఎవరికీ తోచదు.

ముఖ్యంగా వాళ్ల అత్తగారికి తోచదు. నేను బామ్మగారూ అని పిలిచే ఆ పెద్దావిడ ఒకప్పుడు చేతికుట్టులో సగం వీధికి గురువు. ఇప్పుడు కుడి చెయ్యి వణుకుతుంది. ఒలికిపోతుందని కాఫీ కూడా సగం గ్లాసే పోయించుకుంటారు. సూది పట్టడం మానేసి చాలాకాలమైంది, కుట్టు మీద తీర్పులివ్వడం మాత్రం మానలేదు. ఏ గుడ్డ చేతికిచ్చినా ముందువైపు చూడరు. తిరగేస్తారు.

"ముందువైపు అందరిదీ నవ్వు మొహమేనే పిల్లా. వెనకాల చూస్తే తెలుస్తుంది సంగతి" అంటారు నాతో.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. పిన్ని రచ్చ ఎప్పుడో గెలిచింది. పక్క వీధులవాళ్లు కూడా వచ్చి చెప్పి మరీ కుట్టించుకుంటారు. ఇంట్లో మాత్రం బామ్మగారి దిండుకి తెల్ల గలేబు, పువ్వు లేదు, మొగ్గ లేదు. పిన్ని కుట్టిన ఏదిచ్చినా "మిషను కుట్టింది. నువ్వేం చేశావమ్మాయ్? బొత్తాం నొక్కావ్" అనేసి మడతపెట్టి పక్కన పెట్టేస్తారు.

దాంతో పిన్నికి పంతం పట్టుకుంది. మిషను పనిని చేతిపని అని నమ్మించాలి. ఆవిడ నోట బాగుంది అనిపించాలి. అనిపించిన మరుక్షణం "మిషనే అత్తయ్యా!" అని చెప్పి ఆ మొహం చూడాలి. పంతం అని పైకి చెప్పేది కానీ, లోపల ఉన్నది దిగులు. ఒకసారి నాతోనే అంది. "నన్ను బాగానే చూసుకుంటుందే. జ్వరమొస్తే పక్కనుంచి కదలదు. నా పని ఒక్కటే ఆవిడ కళ్లకి ఆనదు. అదొక్కటీ చూస్తే చాలనిపిస్తుంది నాకు."

మొదటి ప్రయత్నం ఎండల్లో జరిగింది. గొడుగుల తువ్వాలు. ఎవరో స్నేహితురాలు చేత్తో కుట్టిందని చెప్పి అత్తగారి ఒళ్లో పెట్టింది పిన్ని. నేను వినోదం చూడ్డానికి గుమ్మంలోనే నిలబడ్డాను.

"గొడుగులన్నీ ఎడమపక్కకే వంగాయేమే?" అన్నారు బామ్మగారు.

"గాలికి అత్తయ్యా."

"అన్నీ ఒక్కలాగే వంగితే అది గాలి కాదు, మిషను."

వానల్లో రెండోది. రాలే ఆకుల శాలువా. ఈసారి ఏ ఆకూ ఇంకో ఆకులా లేకుండా పిన్ని అన్నీ విడివిడిగా గీసింది. బామ్మగారు ఆకుల వంక చూడనేలేదు. శాలువా తిరగేసి, గోటితో గీరారు.

"పైన ఎర్రదారం, కింద తెల్లదారం. చేత్తో కుట్టేటప్పుడు కింద కూర్చుని రెండో దారం అందించినవాళ్లెవరు? ఏరా, నువ్వా?" అని కొడుకుని అడిగారు. బాబాయి టోపీ తీసి చంకలో పెట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు.

అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు ఆ పూటంతా వంటింట్లో గిన్నెలు మోగాయి. నేను మాత్రం నవ్వు ఆపుకోలేక మా ఇంటికి వచ్చి నవ్వుకున్నాను.

చలి మొదలైంది. పూలకాలం గలేబులు కుట్టే రోజులు. ఒక మధ్యాహ్నం నేను వెళ్లేసరికి పిన్ని టీవీ ముందు నిలబడి ఉంది. టీవీ ఆన్‌లో లేదు. ఆవిడ చూస్తున్నది దాని మీద పరిచిన పాత గుడ్డని. ఎప్పుడో బామ్మగారు కుట్టినది. ఉతికి ఉతికి నీరుకావి రంగుకి వచ్చింది, అంచులు చిరిగాయి.

"చూడు" అంది. "కాడలు తిన్నగా లేవు. ప్రతి పువ్వులోనూ మొదటి రేకు మిగతావాటి కంటే లావు. ఇక్కడ మొదలుపెట్టేటప్పుడు దారం గట్టిగా నిలవాలని రెండుసార్లు తిప్పేదన్నమాట. ఇది ఆవిడ చెయ్యి. ఇంకెవరికీ రాదు."

"అయితే?"

"దీన్నే కుట్టిస్తాను మిషను చేత. వంకరలతో సహా."

చెప్పినంత సులువు కాలేదు. మిషను తప్పు చెయ్యదు. తప్పు కావాలంటే ఒక్కో తప్పూ దగ్గరుండి నేర్పాలి. మా క్లాసులో పిల్లలకైతే నేర్పకుండానే వస్తుందని నేనన్నాను. పిన్ని నవ్వలేదు. కుట్ల మధ్య ఖాళీలు ఎక్కువ తక్కువలు చేసింది, కాడని వంచింది, లావు రేకుని రెండుసార్లు తిప్పింది. ముతక దారం వేసింది. వెనకవైపు సంగతి బయటపడకుండా గలేబుకి లోపల ఇంకో పొర గుడ్డ కుట్టింది. తర్వాత ఆ కొత్త బిరుసు పోయేదాకా ఉతికి ఆరేసింది, ఆరేసి ఉతికింది.

చప్పుడు ఇంకో తంటా. బామ్మగారి గది పక్కనే. అదృష్టవశాత్తూ పైవాటాలో గచ్చు పలకలు కోస్తున్నారు. పైన కోతమిషను గీపెట్టినప్పుడల్లా కింద పిన్ని బొత్తాం నొక్కేది. పైవాళ్లు టీ తాగడానికి ఆగితే పిన్ని కూడా ఆగేది. ఇంటిల్లిపాదీ ఆ గోలకి చెవులు మూసుకుంటుంటే, ఇంకా మొదలుపెట్టలేదేమిటని పైకి చూస్తూ కూర్చున్నది ఒక్క మా పిన్నే.

ఆదివారం పొద్దున్న గలేబు దిండుకి తొడిగి బామ్మగారి మంచం మీద పెట్టింది. ఏమీ ఎరగనట్టు తలుపు పక్కన బట్టలు మడతపెడుతూ కూర్చుంది. బాబాయి పేపర్ తిరగేసి పట్టుకున్నాడు. నేను కాఫీ వంకతో వచ్చాను.

బామ్మగారు మంచం మీద కూర్చున్నారు. దిండు చూశారు. వేళ్లతో పువ్వుని తడిమారు. ఒక రేకు, ఇంకో రేకు. లావు రేకు దగ్గర చెయ్యి ఆగింది. ఈసారి తిరగెయ్యలేదు.

"ఇది నాదే" అన్నారు.

పిన్ని చేతిలో చొక్కా జారిపోయింది.

"నేను కుట్టిందేనమ్మాయ్ ఇది. నా రేకే. అబ్బ, ఎంత బాగా కుట్టేదాన్నో! ఎక్కడ దొరికింది నీకు?"

ఇదే ఆ క్షణం. మూడు కాలాలుగా ఎదురుచూసిన క్షణం. బాగుంది అని ఆవిడ నోట వచ్చేసింది. ఒక్క మాట అంటే చాలు, గెలుపు పిన్నిదే. పిన్ని నోరు తెరిచింది. పువ్వు మీద ఆ చెయ్యి వణుకుతూనే ఉంది, ఆవిడ దాన్ని రెండో చేత్తో పట్టుకుని మరీ తడుముతున్నారు. పిన్ని అది చూసింది.

"ఆ పాత ట్రంకులో అత్తయ్యా" అంది. "అడుగున ఉంది."

నాకు ఒళ్లు మండిపోయింది. వంటింట్లోకి లాక్కెళ్లి అడిగాను. "అంత కష్టపడింది ఇందుకా? చెప్పెయ్యవేం?"

"ఎలా చెప్పనే? అది ఆవిడ చెయ్యి. మళ్లీ ఎలా లాక్కోను?" అంది. కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. ఆ రోజు నేను పిన్నిని ఇంకేమీ అనలేకపోయాను. నాకది అరుదు.

అక్కడితో అయిపోతే బాగుండేది. బామ్మగారు ఆ దిండుని ఒళ్లో పెట్టుకుని వసారాలో కూర్చోవడం మొదలుపెట్టారు. వచ్చేపోయేవాళ్లందరికీ ప్రదర్శన. "చూశారా, ఇదీ పనంటే. మిషనుకి వస్తుందా ఇలాంటి రేకు? మా కోడలు కూడా కుడుతుందిలెండి, బొత్తాం నొక్కి." వచ్చినవాళ్లు పిన్ని దగ్గర కుట్టించుకునేవాళ్లే. వాళ్లు కూడా తలలూపి, "చేతిపని చేతిపనే" అని వెళ్లారు. వాళ్లకి కాఫీలు అందించింది పిన్నే. మింగలేదు, కక్కలేదు. నేను మాత్రం ట్రే వెనకున్న పిన్ని మొహం చూసి బాగా ఆనందించాను.

ఆ తర్వాత కొన్నాళ్లకి బామ్మగారు పిలిచారు. "అమ్మాయ్, నేనెప్పుడూ జతగా కుట్టేదాన్ని. రెండోది కూడా ఆ ట్రంకులోనే ఉంటుంది. వెతుకు."

పైవాటాలో పలకల పని అయిపోయింది. పిన్ని బామ్మగారిని బాబాయితో షికారుకి పంపి, రెండోది వెతికింది. అది చూసి బామ్మగారు సంతోషించారు. తర్వాత చిన్న దిండుకి ఒకటి కుట్టిన సంగతి గుర్తొచ్చింది. అదీ దొరికింది. ఆ తర్వాత బల్ల మీదికి పొడుగాటిది. ఎండల చేతిరుమాళ్లు మూలపడ్డాయి. పిన్ని ఇల్లు మొదటిసారిగా కాలం కంటే ముందు నడవడం మానేసింది. బాబాయి షికార్లు తిరిగి తిరిగి సన్నబడ్డాడు.

ఒక సాయంత్రం మేమందరం అక్కడే ఉండగా బామ్మగారు బల్లగుడ్డని వెలుతురులోకి పట్టుకుని చూశారు.

"బాగానే ఉందమ్మాయ్. కానీ ఆకులు కాస్త వెలవెలబోయాయి. ఇంకొకటి కుట్టాను, ముదురు ఆకుపచ్చతో. అది దొరుకుతుందేమో చూడు. కాడ కూడా మరీ వంకర లేకుండా ఉన్నది చూడు, నేను అంత వంకరగా ఎప్పుడూ కుట్టలేదు."

బాబాయి మెల్లగా మా వైపు వంగాడు.

"ఏ ట్రంకు సంగతి మీరు మాట్లాడేది? ఉన్నది ఒక్కటే ట్రంకు. తుప్పు పట్టిందని ఎప్పుడో పాతసామాన్లవాడికి ఇచ్చేశాం కదా. మా అమ్మే దగ్గరుండి తూకం వేయించింది."

పిన్ని మొహం చూడాలి అప్పుడు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడని ఊరికే అనలేదు. నేను బామ్మగారి వైపు చూశాను. ఆవిడ సగం గ్లాసు కాఫీ రెండు చేతులతో పట్టుకుని, ఎంతో శ్రద్ధగా ఊదుకుంటున్నారు.

పిన్ని లేచింది. తన గదిలోకి వెళ్లి డబ్బాలో దారాలన్నీ బల్ల మీద కుమ్మరించింది. ముదురు ఆకుపచ్చది ఏరింది. తలుపు బార్లా తెరిచే ఉంచింది. ఎవరినీ షికారుకి పంపలేదు. బొత్తాం నొక్కింది. టకటకా మిషను ఇల్లంతా మోగింది.

"వెతుకుతున్నావా అమ్మాయ్?" అని గట్టిగా అడిగారు బామ్మగారు.

"వెతుకుతున్నానత్తయ్యా!" అని అంతకంటే గట్టిగా అరిచింది పిన్ని.

"నిదానంగా వెతుకు" అన్నారు బామ్మగారు. "దారం తెగుతుంది."