బొట్టు పెట్టి పిలిచిన మీటింగు

మా ఊళ్ళో సర్పంచిని ప్రెసిడెంటు అనే అంటారు. ఆ ఏడు సీటు ఆడవాళ్ళకి వచ్చిందని మగవాళ్ళు మా తోడికోడలి చేత నామినేషను వేయించారు. ఆమె మా బావగారి భార్య. నేను అక్కా అంటాను. మాకు పొయ్యిలు రెండైనా వాకిలి ఒక్కటే. గెలిచాక ఇంట్లో కూర్చుని సంతకాలు పెడుతుందిలే అనుకున్నారు మావాళ్ళు. అక్క మాత్రం మర్నాడే చీర మార్చుకుని పంచాయతీ ఆఫీసుకి నడిచి వెళ్ళింది.

ఆమెని గెలిపించింది పేట. ఊరి చివర, చర్చి అవతల, మిరప కోతలకి వచ్చేవాళ్ళంతా ఉండేది అక్కడే. వాళ్ళ ముఠాకి మేస్త్రమ్మ ఒకామె ఉంది. నేను కాపురానికి వచ్చిన ఏడు నుంచీ మా చేలో కోతలు ఆమె చేతి మీదుగానే జరుగుతున్నాయి. మా వీధికి ట్యాంకు నీళ్ళు వస్తాయి. పేటకి రావు. వాళ్ళకి బోరు నీళ్ళే గతి. ఆ నీళ్ళలో పప్పు ఉడకదు. టీ పెడితే పాలు విరిగిపోతాయి. తాగేవాళ్ళకి మోకాళ్ళు పట్టేస్తాయి. మేస్త్రమ్మది నా వయసే, కానీ మిరప సాలులో కూర్చుందంటే లేవడానికి పక్కమనిషి భుజం కావాలి.

ఓట్లప్పుడు అక్క చర్చి ముందు నిలబడి, గెలిస్తే అన్నిటికంటే ముందు మీకు పైపులైను వేయిస్తానంది. అప్పుడు మేస్త్రమ్మ అందరి వైపూ తిరిగి, ఈ మాట నేను విన్నాను, మీరూ విన్నారు కదా అని అడిగింది. పేట ఓట్లన్నీ అక్కకే పడ్డాయి.

అక్క గెలిచింది కానీ వార్డు మెంబర్లలో ఎక్కువమంది అవతలి వర్గం వాళ్ళే గెలిచారు. మా వైపు ముగ్గురే. ఎండలు ముదిరేలోపే పైపులు లారీలో వచ్చి పంచాయతీ ఆఫీసు పక్కన దిగాయి. తవ్వి వేయాలంటే మెంబర్లు కూర్చుని తీర్మానం చేయాలన్నారు. అదెంత పని అనుకున్నాం. మంచినీళ్ళు వద్దనే మనిషి ఎవరుంటారు?

వద్దని ఎవరూ అనలేదు. అదే వాళ్ళ తెలివి. మీటింగు రోజున అవతలి మెంబర్లంతా ఇస్త్రీ చొక్కాలు వేసుకుని టైముకే వచ్చారు. వచ్చి ఆఫీసుకి ఎదురుగా ఉన్న టీ కొట్టు బల్లల మీద కూర్చున్నారు. గడప తొక్కలేదు. లోపల అక్క, మా వైపు ముగ్గురు మెంబర్లు కుర్చీల్లో కూర్చున్నారు. నేను వరండాలో ఉన్నాను. తలుపు తెరిచే ఉంది కాబట్టి వాళ్ళకి మేము, మాకు వాళ్ళు కనబడుతూనే ఉన్నాం. కార్యదర్శి కుర్రాడు గడియారం చూసి చూసి, సరిపడా మంది లేరు మేడం, ఇంకో ఇద్దరైనా కూర్చోవాలి అని చెప్పి పుస్తకం మూసేశాడు.

రెండోసారీ అంతే. ఈమె హయాంలో ఒక్క గొట్టం కూడా భూమిలోకి దిగకూడదని వాళ్ళ పెద్దమనిషి ఆ బల్ల మీదే చెప్పాడని టీ కొట్టతనే మాకు చెప్పాడు. ఆ బల్ల చివర, వాళ్ళ తరఫున గెలిచిన పేట మెంబరు కూడా ఉన్నాడు. మేస్త్రమ్మకి మరిది వరస. ఆ రోజు ఆమె అటుగా వచ్చి అతని ముందు ఆగింది.

"ఏరా, ఆ టీ ఏ నీళ్ళతో కాచాడో అడిగావా?"

పక్కనున్నవాళ్ళు నవ్వారు. అతనూ నవ్వాడు.

మూడోసారికి అక్కకి ఒక ఆలోచన వచ్చింది. అవతలి మెంబర్లలో ఇద్దరు ఆడవాళ్ళున్నారు. ఒకామె ఆ పెద్దమనిషి భార్య, ఇంకొకామె అతని తమ్ముడి భార్య. పేర్లు వీళ్ళవి, బల్ల మీద కూర్చునేది వాళ్ళ మొగుళ్ళు. కాగితం పంపితే మొగుడి చేతికి పోతుంది, బొట్టు పెట్టి పిలుద్దాం అంది అక్క. మా వైపు బొట్టు పెట్టి పిలిస్తే, పడనివాళ్ళయినా సరే, ఒక్క క్షణం వచ్చి కూర్చుని వెళతారు. నేనూ ఆ మాట నమ్మాను. మధ్యాహ్నం మగవాళ్ళు కళ్ళాల్లో ఉన్న వేళ చూసుకుని, కుంకుమ భరిణె పట్టుకుని ఇద్దరం వెళ్ళాం.

పెద్దామె తలుపు తీసి, మమ్మల్ని చూసి, చేయి తుడుచుకుని నుదురు చూపించింది. తర్వాత అడిగింది. "ఏం పేరంటం అక్కా?"

"పంచాయతీ మీటింగమ్మా."

"మా ఆయన వెళతాడుగా."

"మీ ఆయన మెంబరు కాదు. నువ్వు."

ఆమెకి నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి వెనకాల ఉన్న తోడికోడలికీ వచ్చింది. వస్తామనీ అనలేదు, రామనీ అనలేదు. మంచినీళ్ళిచ్చి పంపారు.

వచ్చారు. ఆ రోజు నేను మరచిపోను. పట్టుచీరలు కట్టుకుని, పూలు పెట్టుకుని, టీ కొట్టు ముందు నుంచే తలొంచుకుని నడిచి వచ్చి, ఇద్దరూ లోపల కుర్చీల్లో కూర్చున్నారు. వరండా కింద పేట ఆడవాళ్ళు వచ్చి నిలబడ్డారు, ముందు మేస్త్రమ్మ. కార్యదర్శి తలలు చూసుకుని, సరిపోయారు మేడం అన్నాడు. అక్క గొంతు సవరించుకుని పైపులైను సంగతి చదవడం మొదలుపెట్టింది.

అప్పుడు గడపలో నీడ పడింది. పెద్దమనిషి వచ్చి నిలబడ్డాడు. లోపలికి రాలేదు, గొంతు పెంచలేదు.

"లే. పొయ్యి మీద పాలున్నాయి."

"పాలు పొద్దున్నే కాచాను," అందామె.

అతను అలాగే నిలబడ్డాడు. ఆమె అక్క వైపు చూసింది, వరండా కింద మేస్త్రమ్మ వైపు చూసింది, తర్వాత చీర కుచ్చిళ్ళు సర్దుకుని లేచింది. తోడికోడలూ లేచింది. వాళ్ళు మెట్లు దిగుతుంటే పేట ఆడవాళ్ళు పక్కకి జరిగి దారిచ్చారు. కార్యదర్శి పుస్తకం మూశాడు. బొట్టుతో పాటు రవికె గుడ్డ కూడా పెట్టారా అని బల్ల మీంచి ఎవరో అడిగారు.

తర్వాత అక్క మండలానికి తిరిగింది, అక్కడినుంచి గుంటూరుకీ తిరిగింది. అది మీ ఊరి గొడవ, మీరే తేల్చుకోండి అన్నారు అందరూ. ఆ పైపులు ఎండకి వెలిసిపోయాయి. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. వాటిలో కుక్కలు పిల్లలు పెడుతున్నాయి. పెద్దమనిషి కనబడితే ఇప్పుడు అక్కకి నమస్కారం కూడా పెడతాడు. మాటిచ్చి తప్పిన మనిషి అక్కేనని పేటలో మొదట చెప్పింది అతని వాళ్ళే.

మరుసటేడు కోతలకి మేస్త్రమ్మ ముఠాతో మా చేలోకే వచ్చింది. ఎప్పటిలా నేను పొద్దున్నే బిందె నిండా ట్యాంకు నీళ్ళు తీసుకెళ్ళి గట్టు మీద తుమ్మ నీడన పెట్టాను. ఎండెక్కాక అందరూ గట్టుకొచ్చారు. ఆమె తన సంచిలోంచి సీసా తీసింది. అడుగున తెల్లగా మడ్డి పట్టిన సీసా. నేను చెంబు ముంచి చేతికివ్వబోయాను.

"వద్దులేమ్మా. ఇయ్యి తాగితే ఇంటికెళ్ళాక మా నీళ్ళు గొంతు దిగవు."

కోపంగా అనలేదు. సీసా మూత పెట్టుకుని, పక్కమనిషి భుజం పట్టుకుని లేచి, సాలులోకి వెళ్ళిపోయింది. మిగతావాళ్ళు కూడా తమ సీసాలే తీశారు. సాయంత్రం దాకా ఆ బిందెలో చెంబు ముంచినవాళ్ళు లేరు. ఇంటికి మోసుకురావడం ఎందుకని, ఆ నీళ్ళు మిరప మొక్కల మొదట్లో పోసి వచ్చాను.