ఫెర్మీన్ ఊయల పరీక్షలు

మా వీధిలో ఫెర్మీన్ అంత జాగ్రత్తపరుడు ఇంకొకడు లేడు. లేకపోవడం మా అదృష్టం. కుర్చీలో కూర్చునే ముందు దాని నాలుగు కాళ్లూ కదిపి చూస్తాడు. అలాంటివాడి పెరట్లోనే ఉంది ఊళ్లోకెల్లా పెద్ద చింతచెట్టు. ఈస్టర్ ముందు ఉపవాసాల కాలంలో మా డొమినికన్ పల్లెల్లో పెరటికో ఊయల వేలాడుతుంది. ఆడవాళ్లు ఊగుతూ పాడతారు, కిందున్నవాళ్లు బదులు పాడతారు. ఫెర్మీన్ పెరట్లో ఊయల మాత్రం పరీక్షలు రాస్తూనే ఉంటుంది.

దీనికి కారణం ఆయన భార్య మెలిడా. పెళ్లయిన కొత్తలో ఆమె మెప్పు కోసం అవకాడో చెట్టుకు హడావిడిగా ఊయల కట్టాడు. అవకాడో కొమ్మ చూపులకే బలం. పాట మధ్యలో మెలిడా వెళ్లి పందుల బురదలో పడింది. ఆమెకు దెబ్బ తగల్లేదు. ఈయన మాత్రం ఇప్పటికీ కోలుకోలేదు. ఆనాటి నుంచి ఆమెను ఊయలెక్కనివ్వలేదు.

ఈ ఏడు మెలిడా పట్టుబట్టింది. "నా మోకాళ్లు అరిగిపోతున్నాయయ్యా. వచ్చే ఏడు నన్ను ఊయలెక్కించాలంటే నలుగురు ఎత్తాలి. ఈసారి ఊగి తీరతా, విన్నావా?"

అప్పటికే ఈస్టర్ ముందు గురువారం వచ్చేసింది. ఆ మధ్యాహ్నం చర్చిలో గంటకు బదులు తిప్పే చెక్క గిలక్కాయ మోగిందంటే ఇక మేకు కొట్టకూడదు, కత్తి పట్టకూడదు, ముడి వేయకూడదు. ముందే కట్టిన ఊయలైతే పొద్దుగూకేదాకా ఊగొచ్చు. శుక్రవారం దాన్ని తాకడమే పాపం. ఆ తర్వాత పాటల కాలమే అయిపోతుంది.

తెల్లారగానే ఫెర్మీన్ చెట్టెక్కాడు. ఎండు కొమ్మలు వదిలేసి, పచ్చగా, అడ్డంగా, మనిషి నడుమంత లావున్న కొమ్మ ఎంచాడు. తాడు ఒరుసుకోకుండా గోనెపట్టా చుట్టి కట్టాడు. ఇసక మూటను ఊపాడు. పందిని ఊపాడు, అది మాత్రం ఊరు దద్దరిల్లేలా అరిచింది. చివరికి బావమరిది కాసిల్డోని ఎక్కించాడు. అతను చేతిలోని చిక్కుడుగింజల పాయసం గిన్నెతో సహా ఊగాడు.

"బావా, నన్ను మోసిన తాడు అక్కని మొయ్యదా?"

"నువ్వు పడితే నవ్వుకుంటాంరా. మీ అక్క పడితే నేను బతకను."

అంతలో ఎడమ తాడు కింద గోనె పలచగా ఉందని అనుమానం వచ్చింది. ఇంకో పొర వేద్దామని మళ్లీ చెట్టెక్కి ముడి విప్పాడు. సరిగ్గా అప్పుడే గిలక్కాయ మోగింది.

అందరం గుండెల మీద సిలువ గుర్తు వేసుకున్నాం. ఊయల ఒంటి తాడుతో వేలాడుతోంది. రెండో తాడు ఫెర్మీన్ చేతిలో ఉంది. మెలిడా పూల గౌను వేసుకుని, పౌడరు రాసుకుని అప్పుడే బయటికొచ్చింది.

"ఎన్నాళ్లయ్యా ఈ పరీక్షలు? తాడుకా, నాకా?"

"ముడి వెయ్యకూడదు మెలిడా..." ఆయన కొమ్మ మీంచే తాడు చూపించాడు.

"వెయ్యమన్నానా? పట్టుకో."

ఆయన చెట్టు దిగి, కొమ్మ మీదుగా వచ్చిన తాడును మొదలుకు చుట్ల మీద చుట్లు చుట్టి కొస పట్టుకున్నాడు. చుట్టడం ముడి వేయడం కాదని నేనే తీర్పు చెప్పాను. ఎవరో ఒకరు చెప్పాలిగా! కాసిల్డో వెనక నిలబడి కొస అందుకోబోతే ఫెర్మీన్ ఇవ్వలేదు.

మెలిడా కూర్చుంది. తాడు కిర్రుమంది, కొమ్మ కదల్లేదు. ఆమె పాట అందుకుంది, మేమంతా బదులు పాడాం. ఊపు పెరిగి ఆమె చెప్పులు ఆకులకు తగిలాయి.

"చాలు, దిగు!" ఫెర్మీన్ కేకేశాడు.

"నువ్వు వదిలితే దిగుతా!"

ఆయన వదల్లేదు. చెమటలు కారుతున్నా కళ్లు మాత్రం ఆమె మీదే. నాకు కడుపుబ్బ నవ్వొచ్చింది, కాస్త ఏడుపూ వచ్చింది.

పొద్దుగూకే వేళకు ఆమె దిగి పెరడంతా నడిచి ఆయన దగ్గరికి వచ్చింది. ఆయన ఇంకా తాడు బిగించి పట్టుకునే ఉన్నాడు. మెలిడా ఆయన వేళ్లను ఒక్కొక్కటే విప్పింది.

"వదిలెయ్ ఇక. నేను కిందే ఉన్నా."